గేసూదరాజ్ మోసిన పల్లకి

గుల్బర్గాలో విశ్రమిస్తున్న హజ్రత్ ఖ్వాజా బందానవాజ్ (రహ్మతుల్లాహి అలైహి) 1321లో ఢిల్లీలో జన్మించారు. తైమూరు దండయాత్ర వేళ, 1398లో ఆ నగరాన్ని విడిచి, వృద్ధాప్యంలో దక్కనుకు విచ్చేశారు. 1422లో ఇహలోకాన్ని వీడారు.

తమ ముర్షిద్ నసీరుద్దీన్ చిరాగ్ దెహ్లవీ గారి పల్లకిని మోస్తుండగా ఆయన కురులు అందులో చిక్కుకున్నాయట. ఆగితే గురువుకు ఇబ్బంది కలుగుతుందని, బాధను ఓర్చుకొని అలాగే నడిచారట. అందుకే ఆయనకు గేసూదరాజ్, అనగా పొడవైన కురులవారు, అన్న పేరు వచ్చిందంటారు.

మనం ఆ దర్గాకు చాదర్ తీసుకువెళతాం. ఇంట్లో మంచాన పడిన తల్లిదండ్రుల బరువు దగ్గర మాత్రం అన్నదమ్ముల వంతులు లెక్కిస్తాం. వలీలను ప్రేమించడం ఇదేనా?

జియారత్ చేద్దాం, ఆయన కోసం దుఆ చేద్దాం. మన అవసరాలను అల్లాహ్‌నే అర్థిద్దాం. తిరిగివచ్చి, మన ఇంటి పల్లకికి భుజమిద్దాం. అల్లాహ్ మనకు ఆ భాగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.