కూడలిలో నిలిచిన మనిషి

తపతీ తీరాన వెలసిన సూరత్ నగరానికి వస్త్రమే ప్రాణం. మొగలాయీల కాలంలో పడమటి తీరపు ప్రధాన రేవుపట్టణంగా వెలిగిన ఈ నగరం జరీ పనికి, పట్టు నేతకు ఆనాడే పేరు గడించింది. ఇరవయ్యో శతాబ్ది ఉత్తరార్ధంలో కృత్రిమ నూలూ మరమగ్గాలూ విస్తరించడంతో సూరత్ చీరె దేశం నలుమూలలకూ చేరింది. ఆ చీరెతో పాటే దేశం నలుమూలల నుంచీ జనం సూరత్‌కు చేరారు. 2011 జనాభా లెక్కల నాటికి నగర జనాభా 44 లక్షలు దాటింది. ఒడిశాలోని గంజాం నుంచి, మహారాష్ట్రలోని ఖాందేశ్ నుంచి, ఉత్తరప్రదేశ్, బీహారు, రాజస్థాన్‌ల నుంచి వచ్చిన శ్రామికుల సరసన తెలంగాణ జిల్లాల పద్మశాలీలు కూడా ఉన్నారు. మార్కండేయుని కొలిచే ఈ నేతపనివారు షోలాపూర్, భివండీలకు వలసపోయినట్లే సూరత్‌కూ వలసవచ్చి, లింబాయత్ వంటి పేటలలో కుటుంబాలతో స్థిరపడ్డారు.

ఇటువంటి నగరాన్ని జాతీయ సమైక్యతకు ప్రతీకగా వర్ణించడం పరిపాటి. ఆ వర్ణనలో సత్యం లేకపోలేదు. అయితే భిన్న ప్రాంతాల ప్రజలు ఒకచోట చేరినంత మాత్రాన సమైక్యత సిద్ధించదు. చేరిన ప్రతి మనిషీ సమాజం కంటికీ, ప్రభుత్వం కంటికీ ఆనాలి. ఆనకుండా మిగిలిపోయేవారు ఎవరు? ఎందువల్ల మిగిలిపోతున్నారు? సాంఘిక పరిశోధకులూ, విధాన నిర్ణేతలూ కలిసి ఆలోచించవలసిన ప్రశ్న ఇది.

సూరత్‌లో స్థిరపడిన ఒక తెలుగు నేత కుటుంబాన్ని మనసులో ఉంచుకొని ఈ ప్రశ్నను పరిశీలించవచ్చు. భర్త మరమగ్గాల షెడ్డులో 12 గంటల షిఫ్టు చేస్తాడు. భార్య ఇంట్లోనే ఉండి చీరెలకు అంచు కుడుతుంది, రాళ్లు అతుకుతుంది, వేలాడే దారాలు కత్తిరిస్తుంది. చీరెకు ఇంత అని కూలి. పని తెచ్చి ఇచ్చేవాడు మధ్యవర్తి. అసలు వ్యాపారి ఎవరో ఆమెకు తెలియదు. ఆమె స్త్రీ, వెనుకబడిన వర్గానికి చెందిన నేతపనివారి ఇంటి ఆడపడుచు, వేరొక రాష్ట్రం నుంచి వచ్చిన మనిషి, గుజరాత్‌లో అల్పసంఖ్యాక భాష మాట్లాడే వ్యక్తి, ఇంటి గడపలోనే పనిచేసే శ్రామికురాలు. ఈ అయిదు స్థితులూ అయిదుగురివి కావు, ఒక్కరివే.

ప్రభుత్వ దస్త్రాలు మాత్రం ఈ అయిదింటినీ విడివిడిగా చూస్తాయి. జనాభా లెక్కలలో వలసకు కారణం ఏమిటని అడుగుతారు. ఉద్యోగం, వ్యాపారం, చదువు, వివాహం, కుటుంబంతో తరలిరావడం వంటి వాటిలో ఒక్కటే నమోదవుతుంది. 2011 లెక్కలలో దేశం మొత్తం మీద 45 కోట్లకు పైగా ప్రజలు వలసవచ్చిన వారిగా నమోదయ్యారు. వారిలో స్త్రీలే ఎక్కువ. వారికి నమోదైన ప్రధాన కారణం వివాహం. సూరత్ చేరిన మర్నాటి నుంచి సూది పట్టిన ఇల్లాలు కూడా వివాహం వల్లనో, కుటుంబంతోనో వచ్చిన మనిషిగానే లెక్కలో నిలుస్తుంది. శ్రామికురాలిగా వలసవచ్చినట్లు కనిపించదు.

చట్టాల స్థితీ అటువంటిదే. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం కంట్రాక్టరు ద్వారా నియమితులై వేరొక రాష్ట్రానికి వచ్చినవారికే వర్తించింది. బంధువుల వెంట తనంతట తాను వచ్చిన నేతపనివాడు దాని పరిధికి వెలుపలే ఉండిపోయాడు. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్ ఈ నిర్వచనాన్ని విస్తరించి, సొంతంగా వచ్చినవారిని కూడా చేర్చింది. ఇది హర్షించవలసిన మార్పు. అయినా నిర్ణీత సంఖ్యలో కార్మికులు ఉన్న సంస్థ అనే భావన చుట్టూనే ఆ రక్షణలు అల్లుకొని ఉన్నాయి. ఇల్లే పనిశాల అయినచోట సంస్థ ఏది, యజమాని ఎవరు అన్న ప్రశ్న అలాగే నిలిచిపోతుంది. ఈ విధంగా వలస కార్మికుల పట్టికలో భర్త ఉంటాడు. స్త్రీ సంక్షేమ పట్టికలో స్థానిక మహిళలు ఉంటారు. ఆమె రెండు పట్టికల నడుమ జారిపోతుంది.

ఈ జారిపోవడానికి శాస్త్రీయమైన పేరు పెట్టినవారు అమెరికాకు చెందిన న్యాయశాస్త్రవేత్త కింబర్లే క్రెన్షా. 1989లో ప్రచురించిన వ్యాసంలో ఆమె దీనిని ఇంటర్‌సెక్షనాలిటీ అన్నారు. తెలుగులో కూడలి దృష్టి అనుకోవచ్చు. ఆమె చర్చించిన వ్యాజ్యాలలో 1976 నాటిది ప్రసిద్ధం. జనరల్ మోటార్స్ సంస్థపై అయిదుగురు నల్లజాతి స్త్రీలు దావా వేశారు. 1964కు పూర్వం ఆ సంస్థ నల్లజాతి స్త్రీలను ఉద్యోగాలలోకి తీసుకోలేదు. తరువాత మాంద్యంలో చివర చేరినవారిని ముందుగా తొలగించే పద్ధతి అనుసరించడంతో ఉద్యోగాలు కోల్పోయినవారు ఈ స్త్రీలే. సంస్థ స్త్రీలను నియమించింది కనుక స్త్రీలపట్ల వివక్ష లేదన్నారు. ఆ స్త్రీలు తెల్లవారు. నల్లవారి విషయంలో జాతి వివక్ష ఆరోపణను విడిగా మరొక దావాలో తేల్చుకోవాలన్నారు. రెండు కారణాలను జోడించి న్యాయం కోరడానికి కోర్టు అంగీకరించలేదు. రెండు దారులు కలిసేచోట నిలబడినవారికి రెండు వైపుల నుంచీ దెబ్బ తగులుతుందనీ, ఒక్క దారినే చూసేవారికి ఆ దెబ్బ కనబడదనీ క్రెన్షా వాదించారు.

పేరు కొత్తదే గాని, ఆలోచన మన దేశానికి కొత్త కాదు. 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో సమర్పించిన పత్రంలో డాక్టర్ అంబేద్కర్ కులవ్యవస్థ నిలబడటానికి స్త్రీల వివాహంపై విధించిన కట్టుబాట్లే మూలమని నిరూపించబూనారు. కులాన్నీ స్త్రీ స్థితినీ వేరుచేసి అర్థం చేసుకోలేమన్న సూచన అందులో ఉంది. గుజరాత్‌కే చెందిన ఇలా భట్ అధ్యక్షతన ఏర్పడిన జాతీయ సంఘం 1988లో సమర్పించిన శ్రమశక్తి నివేదిక, అసంఘటిత రంగంలోని స్త్రీలను శ్రామికులుగా గుర్తించాలని కోరుతూ, ఇంటివద్ద పనిచేసేవారి సమస్యను దేశం ముందుంచింది.

ఈ విషయం న్యాయస్థానాల ముందుకూ వచ్చింది. అందులో రెండు తీర్పులు తెలుగువారికి సంబంధించినవే కావడం గమనార్హం. ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు తెగగా గుర్తింపు పొందిన కుటుంబానికి చెందిన ఒక విద్యార్థి, తండ్రి ఉద్యోగరీత్యా బాల్యంలోనే బొంబాయి చేరి, అక్కడ వైద్య విద్యలో రిజర్వేషన్ కోరాడు. రాజ్యాంగం 341, 342 అధికరణాల క్రింద జాబితాలు రాష్ట్రానికి సంబంధించినవి కనుక, వలసవెళ్లినవారు ఆ హోదాను వెంట తీసుకుపోలేరని 1990లో సుప్రీంకోర్టు నిర్ణయించింది. ఒక్కొక్క రాష్ట్రపు సాంఘిక స్థితి వేరన్న తర్కం దానికి ఆధారం. ఆ తర్కానికి బలం ఉంది. అయినా రైలు దిగినంత మాత్రాన మనిషి వెనుకబాటు తొలగిపోదన్నదీ వాస్తవమే. వెనుకబాటూ వలసా కలిసిన కూడలి ఇది.

రెండవది 2021 ఏప్రిల్ 27 నాటి తీర్పు. ఆంధ్రప్రదేశ్‌లో అత్యాచారానికి గురైన యువతి పుట్టుకతో అంధురాలు. షెడ్యూల్డు కులానికి చెందినది. లింగం, కులం, వైకల్యం మూడూ ఆమె విషయంలో పెనవేసుకొన్నాయనీ, వాటిని విడదీసి చూడరాదనీ సుప్రీంకోర్టు వివరించింది. నేరస్థుని యావజ్జీవ శిక్షను ఖాయం చేసింది. అయితే నాటి చట్టంలోని పదజాలం ప్రకారం నేరం కులం కారణంగానే జరిగిందని ప్రత్యేకంగా రుజువు కానందున, అత్యాచారాల నిరోధక చట్టం క్రింద విధించిన శిక్షను రద్దుచేయవలసి వచ్చింది. బాధితురాలి కులం తెలిసి నేరం చేస్తే చాలునని 2016లో అమలుకు వచ్చిన సవరణ చెబుతోంది. ఈ నేరం అంతకు పూర్వపుది. ఒక్క కారణాన్నే చూపమని అడిగే చట్టం పలు కారణాలు కలిసినచోట ఎంత ఇరుకున పడుతుందో ఈ తీర్పు విశదం చేసింది.

న్యాయస్థానం దాకా పోనక్కరలేదు. నేత ఇంటి లోపలే మరొక నిదర్శనం ఉంది. చేనేత అనగానే మగ్గం మీద కూర్చున్నవాడే గుర్తుకువస్తాడు. మగ్గం ఎక్కక ముందు నూలును మేకుల చుట్టూ పోసే ఆసు పని ఇంటి ఆడవారిది. ఒక్క చీరెకు వేలసార్లు చేయి అటూ ఇటూ కదపాలి, భుజాలు పడిపోతాయి. మగ్గాన్ని లెక్కించిన పథకాలకు ఈ భుజం నొప్పి కనబడలేదు. నాటి నల్లగొండ జిల్లా శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తల్లి బాధను చూసి, ఏళ్ల తరబడి శ్రమించి 1999లో ఆసుయంత్రాన్ని రూపొందించారు. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది. వృత్తీ స్త్రీత్వమూ కలిసేచోట చూపు నిలిపినందువల్లనే ఆ యంత్రం పుట్టింది.

ఇక పరిశోధన పద్ధతికి వస్తే, ఈ సభలోని యువ పరిశోధకులు రెండు పొరపాట్లను పరిహరించవలసి ఉంది. అన్నింటినీ విడివిడి పట్టికలుగా ప్రకటించడం మొదటిది. స్త్రీలు ఇందరు, వలసవచ్చినవారు ఇందరు, వెనుకబడిన వర్గాలవారు ఇందరు అని చెప్పే నివేదికలో వలసవచ్చిన వెనుకబడిన వర్గపు స్త్రీ ఎక్కడా ఉండదు. ప్రతిదానినీ ప్రతిదానితో ముడిపెట్టడం రెండవది. స్త్రీ పురుష భేదం రెండు, సామాజిక వర్గాలు నాలుగు, స్థానికులు, వలసవారు అని రెండు, భాషలు నాలుగు అనుకుంటే 64 గడులు ఏర్పడతాయి. 640 మందిని ప్రశ్నించినా గడికి సగటున పదిమందే మిగులుతారు. అంత కొద్దిమంది నుంచి ఏ నిర్ణయమూ చేయలేము. క్షేత్ర పరిచయంతో ముఖ్యమైన రెండు మూడు కూడళ్లను ముందే ఎంచుకొని, అక్కడ ఎక్కువమందిని కలవడమే దీనికి మార్గం. ఇంటి యజమానిని అడిగి భార్య పనిని రాసుకొనే అలవాటు మానాలి. ఆమెనే, ఆమె భాషలో, ఆమెకు తీరిక ఉన్న వేళ అడగాలి. పని చేస్తున్నారా అంటే లేదనవచ్చు. నిన్న ఎన్ని చీరెలు కుట్టారంటే లెక్క చెబుతుంది.

ఇన్ని విభాగాలు ఎంచుకుంటూ పోతే సమాజం ముక్కలు కాదా, సమైక్యతకు భంగం కాదా అన్న శంక సహజం. అది తేలికగా కొట్టివేయదగినది కాదు. కాని కూడలి దృష్టి కోరేది కొత్త వర్గాల జాబితా కాదు. ఉన్న పథకం ఎవరి గడపదాకా చేరి ఆగిపోయిందో చూడమని అది కోరుతుంది. సాధ్యమైనచోట అందరికీ అందే సేవయే ఉత్తమం. 1994 సెప్టెంబరులో ప్లేగు సోకి 50 మందికి పైగా మరణించగా, లక్షలాది ప్రజలు సూరత్ విడిచిపోయారు. 1995లో కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు అధికారులను కార్యాలయాల నుంచి వీధులలోకి నడిపించి, మురికివాడలతో సహా నగరమంతటా పారిశుధ్యాన్ని చక్కదిద్దారు. చెత్త ఎత్తేవారు ఆ వీధివారి రాష్ట్రమూ కులమూ అడగలేదు. అందరికీ అందించిన సేవకు అదొక ఆదర్శం. అయితే అందరికీ అనే మాట నిజమైందో లేదో తెలియాలన్నా, అట్టడుగున కూడలిలో ఉన్న మనిషినే అడగాలి.

ఆ దిశలో కొన్ని అడుగులు పడ్డాయి. 2019లో ప్రారంభమై 2022 నాటికి అన్ని రాష్ట్రాలకూ విస్తరించిన ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పథకం వల్ల కుటుంబంలో కొందరు స్వగ్రామంలోను, కొందరు వలసచోట్లను తమ వాటా ధాన్యం తీసుకొనే వీలు కలిగింది. 2021 ఆగస్టు 26న ఆరంభమైన ఈ-శ్రమ్ పోర్టల్‌లో 30 కోట్లకు పైగా అసంఘటిత కార్మికులు నమోదయ్యారు. సగానికి మించి స్త్రీలే. వృత్తి, సామాజిక వర్గం, స్వస్థలం కూడా అందులో నమోదవుతాయి. వీటిని కలిపి చూడగలిగితే సూరత్‌లో ఇంటివద్ద చీరెలు కుట్టే తెలుగు స్త్రీ తొలిసారి ఒక అంకెగానైనా దర్శనమిస్తుంది. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీతో పాటు మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా, తెలుగు మాధ్యమాలలోనూ ప్రాథమిక పాఠశాలలు నడపడం రాజ్యాంగం 350ఎ అధికరణ ఆశయానికి అనుగుణమైన పని. తెలుగులో చదివిన బాలిక పై తరగతికి వేరొక భాషలోకి, దూరపు బడికి పోవలసివస్తే అన్నదమ్ముల కంటే ముందుగా ఆమె చదువే ఆగిపోతుందా అన్నది ఆరాతీయవలసిన విషయం. కులగణనతో కూడిన జనాభా లెక్కలకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా నిర్ణయించారు. కులం, స్త్రీ పురుష భేదం, వలస, వృత్తి అన్న నాలుగింటినీ విడివిడిగానే గాక కలిపి కూడా ప్రకటించగలిగితే ఆ శ్రమ సార్థకమవుతుంది.

నేతపనివారికి తెలిసిన సత్యం ఒకటి ఉంది. పడుగు ఒక్కటే బట్ట కాదు, పేక ఒక్కటే బట్ట కాదు. రెండూ కలిసినచోటనే బట్ట పుడుతుంది. నేత లోపమూ అక్కడే బయటపడుతుంది. పోగులు లెక్కించడంతో తృప్తిపడక, అవి కలిసేచోట ఒత్తిడి ఎవరిమీద పడుతున్నదో గమనించడం పరిశోధకుల కర్తవ్యం. ఆ ఒత్తిడి తగ్గించడం పాలకుల ధర్మం. ఊరు వదలి వచ్చిన ఇల్లాలు తన పని తన పేరుతో నమోదు చేయించుకొని, న్యాయమైన కూలి అడగగలిగిన నాడు సూరత్ అన్ని రాష్ట్రాలవారికీ పని ఇచ్చే నగరమే గాక, అందరికీ సమాన గౌరవమిచ్చే నగరం కూడా కాగలదు.