టిథోనస్ ముసలితనం
(ప్రసంగ పాఠం)



జీవితమంతా ఫైళ్లమీద నోట్లు రాసినవాణ్ణి. పాండిత్యం లేదు, చదివే అలవాటు మాత్రం ఉంది. మన వయసువాళ్లకు పనికొచ్చే కథ గనుక ఈ గ్రీకు గాథను ఎంచుకున్నాను.

ట్రాయ్ రాకుమారుడు టిథోనస్‌ను ఉషోదేవత ఈయోస్ వలచి ఎత్తుకుపోయింది. అతనికి చావు లేకుండా చెయ్యమని దేవతల రాజు జ్యూస్‌ను వేడుకుంది. ఆయన సరేనన్నాడు. యౌవనం కూడా నిలిచి ఉండాలని అడగడం ఆవిడకు తట్టలేదు. మన భాషలో చెప్పాలంటే అర్జీలో ఒక మాట తప్పిపోయింది. పై అధికారి అర్జీలో ఉన్నంతవరకే శాంక్షన్ చేశాడు. మన శతమానం ఆశీర్వచనం కూర్చినవారు ఈ విషయంలో జాగ్రత్తపరులు. నూరేళ్ల ఆయుష్షుతోపాటు ఇంద్రియశక్తినీ కలిపే కోరారు.

హోమర్‌లో ఈ బాధ లేదు. ఇలియడ్ 11వ భాగం, ఒడిస్సీ 5వ భాగం మొదట్లో ఉషస్సు టిథోనస్ పక్కనుంచి లేచి లోకానికి వెలుగు తెస్తుంది, అంతే. ఆఫ్రొడైటి దేవతమీద ఉన్న ప్రాచీన స్తోత్రంలో కథ ముదురుతుంది. తన మానవ ప్రియుడు ఆంకైసిస్‌కు అమరత్వం ఎందుకు అడగనో చెబుతూ ఆ దేవతే ఈ సంగతి ఎత్తుతుంది. తొలి నెరసిన వెంట్రుకలు కనబడగానే ఈయోస్ అతని పక్క విడిచింది. తిండికీ, అమృతానికీ, మంచి బట్టలకూ లోటు చెయ్యలేదు. కాలూ చెయ్యీ కదపలేని నాడు గదిలో పెట్టి తలుపులు మూసేసింది. లోపల్నుంచి గొంతు మాత్రం ఆగకుండా వస్తూనే ఉంటుందట. తర్వాతివాళ్లు అతణ్ణి కీచురాయిని చేశారు.

ఆ తలుపు దగ్గర నేను ముందుకు కదలలేకపోయాను. మా అమ్మ తొంభై దాటాక మూడేళ్లు మంచంలో ఉంది. "దేవుడు నా చీటీ చించడం మరిచిపోయాడురా" అనేది. మా ఆవిడ వేళకు అన్నీ చూసేది. అయినా రాత్రిళ్లు ఆ గది తలుపు దగ్గరగా వేసిన రోజులున్నాయి. స్తోత్రకర్త ఈయోస్‌ను తిట్టలేదు, గమనించారా?

ఇంగ్లీషు కవి టెన్నిసన్ వచ్చి ఆ తలుపు తెరిచాడు. ఆయన కవితలో మాట్లాడేది టిథోనస్సే. ఇచ్చిన వరం వెనక్కి తీసుకో, చనిపోగలిగే మనుషులు అదృష్టవంతులు అని ఉషస్సునే బతిమాలుకుంటాడు. ఇందులో విచిత్రం, దీని మొదటి రూపం 1833లో రాసేనాటికి కవికి 24 ఏళ్లే. ప్రాణమిత్రుడు హాలమ్ ఆ ఏడే హఠాత్తుగా పోయాడు. అచ్చయింది 1860లో.

వీళ్లందరిలో నాకు దగ్గరైనది శాఫో. సుమారు 2,600 ఏళ్ల కిందటి లెస్బోస్ ద్వీపపు కవయిత్రి. జుట్టు తెల్లబడింది, ఒకప్పుడు లేడిపిల్లల్లా ఆడిన మోకాళ్లు ఇప్పుడు మొయ్యడం లేదు అని తన సంగతే చెప్పుకుంటుంది. ఏం చేస్తాం, మనిషై పుట్టాక తప్పదంటూ టిథోనస్‌ను తలుచుకుంటుంది. ఈ కవిత 1922లో ప్రచురించిన ఈజిప్టు పపైరస్‌లో ముక్కలుగానే దొరికింది. 2004లో జర్మనీలోని కొలోన్ పపైరస్ వెలువడ్డాక చాలావరకు పూర్తయింది. తగాదా ఎక్కడంటే, కొలోన్ ప్రతిలో టిథోనస్‌తోనే కవిత ఆగిపోతుంది. పాత ప్రతిలో ఆ తర్వాత సున్నితమైన వాటిమీద, సూర్యకాంతిమీద తన ప్రేమను చెప్పే పాదాలు మరికొన్ని ఉన్నాయి. అవి ఇందులోవా, వేరే కవితవా అని పండితులు వాదించుకుంటున్నారు. మోకాళ్ల నొప్పులున్న మనిషి ఎండను ఇష్టపడటంలో నాకేమీ అసంబద్ధం కనిపించదు. నేను కలిపే చదువుకుంటాను.