అచ్చులో మిగిలిన హెరాల్డు బండి



నేను చెప్పబోవు సంగతి విని పెద్దలు కొందరు నవ్వవచ్చును. ఏడు పదుల వయస్సు సమీపించినవాడు, మనుమలు గలవాడు, మధ్యాహ్నభోజనమైన పిమ్మట కిటికీ చెంత బల్ల వేసికొని, అంగుళమైనను లేని చక్రములను సన్నని పట్టకారుతో పట్టి యిరుసునకు తొడుగుచు కూర్చుండుటను గూర్చి మా చిట్టమూరులో కొంతకాలము వింతగా చెప్పుకొనిరి. పొలము గట్టున ఎదురైన పెద్దమనిషి యొకరు, "ఏమయ్యా, కారు కొన్నావంట గదా, యాడ నిలిపినావు?" అని యడిగిరి. "జేబులో ఉండాది" అంటిని. ఆయన పరిహాసమనుకొని సాగిపోయిరి. నిజముగనే అది జేబులో నుండెను. ఆనాడు ఆయనకు చెప్పదలచి చెప్పలేకపోయిన మాటలే యీ ప్రసంగము.

నమూనా కారు కిట్టు అని యొకటి అమ్ముదురు. కిట్టు అను మాటకు మన భాషలో ఇమిడిన పేరు నాకు దొరకలేదు. తునకల పెట్టె యనుకొనవచ్చును. లోపల బండి యుండదు, బండి యంగములుండును. పైకప్పు, అడుగుచట్రము, ఆసనములు, చక్రములు, దీపముల బిళ్లలు, అన్నియు కొమ్మకు పిందెలవలె ఒక ప్లాస్టిక్కు కాడకు అంటియుండును. వానిని కత్తితో కోసి, అంచులు అరగదీసి, జిగురుతో కూర్చి, రంగు వేయవలెను. ఆ జిగురు మన తుమ్మబంక వంటిది కాదు. పాలిస్టైరీను అను ఆ ప్లాస్టిక్కు పైపొరను అది కరగించును. కరగిన రెండంచులు ఒకటై గట్టిపడును. జిగురులోని ద్రవము ఆవిరియైపోవును. అందుచేత తప్పుగా అతికినచో ఊడదీయుట కష్టము. కొండపల్లి బొమ్మ నెరిగినవారికి ఈ పద్ధతి క్రొత్త కాదు. అచ్చటి పనివారును తెల్లపొణికి కొయ్యతో బొమ్మ యంగములను వేరువేరుగా చెక్కి, చింతగింజల పిండిని రంపపుపొట్టును కలిపిన మక్కుతో అతికి, సున్నము పూసి, ఆపై రంగులు దిద్దుదురు. భేద మేమనగా కొండపల్లిలో ప్రతి తునకయు చేతి చెక్కడము. ఈ కారు తునకలు అచ్చున పోసినవి.

ఆ అచ్చు సంగతియే నాకు ముఖ్యము. రెండు ఉక్కుదిమ్మెలలో బండి యంగముల రూపులను లోతుగా చెక్కి, దిమ్మెలను మూసి, రెండువందల డిగ్రీల కటుయిటు వేడిమిలో కరగిన ప్లాస్టిక్కును బలముగా లోనికి త్రోయుదురు. స్వల్పకాలములో అది చల్లారి గట్టిపడును. దిమ్మెలు తెరచినంతనే తునకలు వెలికివచ్చును. మన స్థపతులు పంచలోహ విగ్రహములు పోయునపుడు మైనపు బొమ్మకు మట్టి పూసి కాల్చి, మైనము కరగిపోయిన చోట లోహము పోయుదురు. విగ్రహము వెలువడవలెనన్న మట్టిమూసను పగులగొట్టవలెను. ఒక మూసకు ఒక విగ్రహమే. ఉక్కు అచ్చు అట్లు కాదు. వేలకొలది తునకలు పోసినను నిలుచును. దానిని చేయించుటకు మిక్కుటమైన ధనము పట్టును గనుక, చేయించినవారు సులభముగా పారవేయరు. ఒక తరము కొని విసిగిన పిమ్మట గిడ్డంగిలో నుంచి, మరియొక తరము కోరినపుడు తిరిగి పోయుదురు. పుస్తకములకు మనము వాడు పునర్ముద్రణమను మాటనే దీనికిని నేను వాడుచున్నాను.

ఎయిర్‌ఫిక్స్ అను సంస్థ 1939 లో ఇంగ్లండునందు నికొలాస్ కోవ్ అను హంగరీ దేశీయునిచే స్థాపింపబడినది. 1981 లో అది కూలెను. అచ్చులు చేతులు మారి కొంతకాలము ఫ్రాన్సు దేశమందుండెను. 2006 లో అప్పటి యజమానులును చితికిపోగా హార్న్‌బీ సంస్థవారు కొనిరి. ఇన్నిమార్లు యజమానులు మారినను ఆ ఉక్కు మారలేదు. 2010 ల దశకములో ఎయిర్‌ఫిక్స్ పెట్టెలు అనేకములపై భారతదేశమున తయారైనవను ముద్ర కనబడినది. ఇంగ్లండులో పుట్టిన పేరు మన దేశపు కార్ఖానాలలో పోత పోసికొని తిరిగి ఇంగ్లండు అంగళ్లకు చేరుచుండెనన్నమాట.

ఈ సంస్థ 1960 ల నాటి అచ్చులలో ఒకటి ట్రయంఫ్ హెరాల్డు అను చిన్న కారుది. అసలు బండికి ముప్పదిరెండవ వంతు. అసలు బండి పొడుగు పండ్రెండడుగుల తొమ్మిదంగుళములు గనుక నమూనా అయిదంగుళములకు కొంచెము తక్కువగా నుండును. లోకములో ఇన్ని కార్లుండగా దీనినే నేనేల కోరితినో చెప్పవలెను.

హెరాల్డు 1959 లో ఇంగ్లండులో వెలువడెను. దాని రూపకర్త ఇటలీ దేశపు జోవాన్ని మికెలొట్టి. దాని పుట్టుకలో ఒక చిక్కు గలదు. స్టాండర్డు ట్రయంఫ్ వారికి బండి యొడలు చేసియిచ్చు కార్ఖానాను 1953 లో పోటీ సంస్థవారు కొనివేసిరి. ఒడలు మొత్తముగా ఒకే చోట చేయించుకొను వీలు తప్పినందున, భాగములను పలుచోట్ల చేయించి, వేరుగానున్న చట్రముపై మరలతో బిగించు పద్ధతిని వారు పట్టిరి. ఆ ఇబ్బందియే మేలుగా పరిణమించెను. మరలతో బిగించు బండి గనుక తునకలుగా ఓడలకెక్కించి పరదేశములలో కూర్చుట సులభమయ్యెను. అట్లు మద్రాసులో స్టాండర్డు మోటారు ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా వారు 1961 నుండి దానిని స్టాండర్డు హెరాల్డు అను పేర తయారుచేసిరి. వండలూరు చేరువనున్న వారి కార్ఖానాలో తొలుత పరదేశపు తునకలను కూర్చి, క్రమముగా ఎక్కువ భాగములను ఇక్కడనే చేయసాగిరి. 1968 ప్రాంతమున నాలుగు తలుపుల బండి వచ్చెను. 1970 ల తొలినాళ్లలో గెజల్ అను బండి దాని స్థానమున నిలిచెను. అనగా మన హెరాల్డే యొక కిట్టు!

అసలు పునర్ముద్రణపు బండ్లమీదనే మన దేశము చాలకాలము తిరిగినది. ఇంగ్లండులో 1959 లో నిలిచిపోయిన మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి బండియే మన అంబాసిడరు; కలకత్తా చేరువ ఉత్తరపారలో 2014 వరకు అది తయారైనది. 1955 లో మద్రాసున కార్ఖానా తెరచిన ఎన్‌ఫీల్డు బుల్లెట్టు, ఇంగ్లండులోని మాతృసంస్థ 1970 ప్రాంతమున మూతపడినను, నేటికిని మన వీథులలో చప్పుడు చేయుచునే యున్నది. దానిని నకిలీ యని యెవ్వరు నందురు?

ఇక మా యింటి సంగతి. మా అన్నగారు నాకంటె పదునాలుగేండ్లు పెద్ద. 1960 ల మధ్యకాలమున మా ప్రాంతపు భూస్వామి యొకరి యింట వారు హెరాల్డు నడిపెడివారు. దంతపు వన్నె ఒడలు, నీలపు కప్పు, రెండు తలుపులు. నాయుడుపేట మీదుగా మద్రాసు పోయి తిరిగి వచ్చిన దినమున చెరువుగట్టున బండిని కడుగుచుండగా పిల్లలమందరము చేరెడివారము. ఆ బండి ముందుభాగమంతయు, రెక్కలతోను దీపములతోను సహా, మొసలి నోరువలె ముందుకు తెరచుకొనెడిది. అన్నగారు ముందుచక్రముపై పీటమీదవలె కూర్చుండి యింజనులో చేయి పెట్టెడివారు. ఆ దృశ్యము నాకిప్పటికిని కన్నులకు కట్టినట్లుండును. అన్నగారు గతించి ఆరేండ్లయినది. వారి ఫొటోలు రెండు మూడు కలవు. ఆ బండి ఫొటో యొక్కటియు లేదు. బండి యెన్నడో తుక్కుక్రింద పోయినది.

వారు పోయిన యేడే నేను ఒక పాత హెరాల్డు కిట్టును వెదకి కొంటిని. 1960 ల నాటిది, తెరువనిదని అమ్మినవాడు చెప్పెను. తొమ్మిదివేల రూపాయలు. మా యింటిలో ఈ మొత్తము నేటివరకు తెలియదు; ఈ ప్రసంగము వలన తెలియును. సేకరించువారిలో ఒక నియమము గలదు: తెరచిన కిట్టునకు వెల పడిపోవును గనుక తెరువరాదు. నేనును రెండేండ్లు దానిని బీరువాలో బట్టల నడుమ దాచితిని. అప్పుడప్పుడు తీసి చూచి తిరిగి దాచుటయే నా వేడుక. రెండవ సంవత్సరీకమైన మరునాడు మనస్సు పట్టక తెరచితిని. తునకలన్నియు నున్నవి, ముందరి అద్దము తప్ప. అమ్మినవానికి వ్రాసితిని, బదులు లేదు. రెండేండ్ల పిదప ఏమని నిలదీయుదును?

ఆ వెదకులాటలోనే తెలిసినది, ఎయిర్‌ఫిక్స్ వారు ఆ పాత అచ్చునుండియే హెరాల్డును తిరిగి పోసి విడుదల చేసియుండిరని. నేనిచ్చిన వెలలో పదవ వంతునకు ఒకటి దొరకెను. దానిని చూచినపుడు నాకు కలిగినది సంతోషము కాదు, రోషము. వెండియని కొన్న పాత్రకు సరిపోలిన పాత్ర సంతలో ఇత్తడి వెలకు కనబడినట్లుండెను. కాని ఆ క్రొత్త కిట్టులోని అద్దమును కోసి, అంచున పలుచగా నిలిచిన అనవసరపు ప్లాస్టిక్కును గీకి, పాతదాని కిటికీలో పెట్టి చూచితిని. వెండ్రుకవాసి యెడము లేదు. నడుమ గడచిన కాలము మా అన్నగారి ఉద్యోగకాలమంత. ఆ రెండు తునకలు మాత్రము ఒకే కడుపున పుట్టినవి. నా రోషము అక్కడ సగము తగ్గెను. మిగిలిన సగము తొమ్మిదివేలను గూర్చినది, అది యింకను ఉన్నది.

అట్లని తెరువక దాచువారందరును అవివేకులని నేననను. అమెరికాలో 1948 లో పుట్టిన ఏ.ఎం.టి. సంస్థ తొలుత కార్ల వర్తకులకు క్రొత్త బండ్ల చిన్న నమూనాలు చేసియిచ్చెడిది. 1958 లో ఆ పద్ధతిలోనే కిట్టులను అమ్మనారంభించెను. అచ్చట అసలు కార్ల రూపు ఏటేటా మారెడిది. ప్రతి యేట క్రొత్త అచ్చు చేయించుట భారమై, ఉన్న యుక్కునే తిరిగి చెక్కి మార్చిరి. మార్చిన పిదప ముందటి యేటి బండి అచ్చు ఇక లేదు. అట్టి బండిని నేడు తిరిగి తేవలెనన్న, ఎవరో దాచిన పాత కిట్టును తునకతునకగా కొలిచి క్రొత్తగా ఉక్కు చెక్కవలసినదే, ఏ.ఎం.టి. పేరు నేడు గల రౌండ్ టూ సంస్థవారు కొన్నిటి నట్లే చేసిరి. మన సీమలో మొలగొలుకుల వడ్లు విత్తనమునకని గాదెలో నుంచిన రైతును పిసినారి యనము గదా. అయితే గాదె నింపుకొని యెన్నడును అన్నము వండని రైతు నెరుగుదుమా? నా బీరువా రెండేండ్లు అట్టిదే.

రెండింటిని కూర్చుటకు నాకు నాలుగు మాసములు పట్టెను. మా తీరప్రాంతపు తేమకు రంగు త్వరగా ఆరదు. ఒకమారు ఆరినదనుకొని పట్టుకొనగా నీలపు కప్పుపై నా బొటనవ్రేలి ముద్ర దస్తావేజు మీదవలె పడెను. గీకి మరల వేసితిని. అద్దములు అతుకునపుడు జిగురు చుక్క అధికమైనచో పారదర్శకమైన ప్లాస్టిక్కు మసకబారును, అది ఇక నయము కాదు. పాతదానికి క్రొత్త అద్దము పెట్టితిని గనుక క్రొత్తది అద్దము లేనిదయ్యెను. దానికి చొక్కా పెట్టె మూతలోని పలుచని రేకును కత్తిరించి నా చేతితోనే అద్దము చేసితిని. కొంచెము వంకరగా కుదిరినది.

రెండింటిని తీసికొని మా వదినెగారి యింటికి పోతిని. ఆమెకు ఎనుబది దగ్గర. చూపు మందగించినది. కళ్లజోడు తెప్పించుకొని రెంటిని అరచేతులలో పెట్టుకొని చాలసేపు చూచిరి. ఏది మేలైనదో అడుగుదురని నేను వెలల కథ చెప్పుటకు సిద్ధముగా నుంటిని. ఆమె ఆ మాట ఎత్తలేదు. చొక్కా రేకు అద్దము గల బండిని ప్రక్కకు త్రిప్పి, "ఈ తలుపు ఇంత నున్నగా లేదబ్బాయ్" అనిరి.

"మరి యెట్లుండెను?" అంటిని.

"ఎడమ తలుపు మీద గీత ఉండాలి. మల్లాం తిరునాళ్లలో ఎద్దులబండి కడచీల రాసుకోలా? దొరకు చెప్పడానికి భయపడి మూడు దినాలు అన్నం తినలా మీ అన్న. ఆయనేమో చూసి ఒక్క మాటా అన్లేదు. గీతా అట్నే ఉండిపోయింది."

నాకు ఆ గీత జ్ఞప్తికి రాలేదు. దబ్బనమొకటి తెమ్మంటిని. ఎంత పొడుగు, ఎక్కడినుండి ఎక్కడికి అని యడుగగా, ఆమె గోటితో తలుపు పిడి క్రిందనుండి వెనుకకు జారుగా చూపిరి. ఆ గోరు జాడవెంటనే గీచితిని. నీలపు రంగు కొంచెము అంటినట్లుండెడిదని కూడ చెప్పిరి, ఆ యెద్దులబండి రంగట. అది మరునాడు అద్దితిని. ఆ బండి ఇప్పుడు ఆమె యింట అన్నగారి ఫొటో క్రింద నున్నది. నిలువెల్ల నున్నని రెండవది నా జేబులో తిరుగుచున్నది.