కంపెనీ ఎవరిది, పగ్గాలు ఎవరివి?



నేను లాయర్ని కాను, కోడ్ రాసుకునేవాణ్ణి. కానీ మనవాళ్ళు పెట్టిన చిన్న కంపెనీలు కూడా ఫెడరల్ కాంట్రాక్టులకు వెళ్తున్నాయి కాబట్టి ఈ సంగతి మాట్లాడుకోవాలి.

2006లో అమెరికా రేవుల్లోని కొన్ని టెర్మినళ్ళు దుబాయ్ ప్రభుత్వ సంస్థ దుబాయ్ పోర్ట్స్ వరల్డ్ చేతికి వెళ్ళాయి. బుష్ ప్రభుత్వం సరేనన్నా కాంగ్రెసులో పెద్ద గొడవై, చివరికి ఆ కంపెనీ వాటిని అమ్మేసుకోవాల్సి వచ్చింది. ఆ అరుపుల్లో ఎక్కువగా వినబడింది దేశం పేరే.

పెంటగన్ రహస్య పనులు చేసే కాంట్రాక్టర్లకు ఉన్న పద్ధతి అంతకంటే నయం. ఎస్.ఎఫ్.-328 అనే ఫారంలో విదేశీయులకు 5 శాతం, ఆపైన వాటా ఉందా, డైరెక్టర్లుగా ఉన్నారా, విదేశీ అప్పులున్నాయా అని అడుగుతారు. ఉన్నంత మాత్రాన తలుపు మూసెయ్యరు. విదేశీ యజమాని తన ఓటు హక్కును అమెరికా పౌరులైన ప్రాక్సీలకు అప్పగించే ఒప్పందం లాంటి దారులున్నాయి.

ఒకటి గమనించండి. గుంటూరులో పుట్టినా అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు ఈ లెక్కలో విదేశీయులు కారు. గ్రీన్ కార్డు మాత్రమే ఉన్న భాగస్వామి విదేశీయుడే.

అందుకే నా విన్నపం రెండే మాటలు. బావగారి పెట్టుబడైనా సరే దాచకండి, మొదటిరోజే కాగితం మీద పెట్టండి. ఇక వాటా అడగాల్సినచోట ఎవరైనా మన ఇంటిపేరు చూసి అనుమానిస్తే, అదే ఫారం చూపించి నిలదీద్దాం.

సెలవు.