రహదారి చీటీ మొదలు వీసా వఱకు
(రాజపాళయము సంఘ సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



మన యువకులు నలుగురు రాజపాళయమునుండి మోటారుబండిలో భూమార్గముననే లండను నగరము చేరవలెనని తలపెట్టియున్నారు. బండి సిద్ధముగా నున్నది. ధనము సమకూడుచున్నది. నిలిచిపోయినది కాగితముల పని. వారితోపాటు మేమును కార్యాలయముల మెట్లెక్కి దిగుచున్నందున ఈ విషయమునుగూర్చి నాలుగు మాటలు చెప్పుడని కార్యవర్గమువారు కోరిరి.

ముందొక పాత సంగతి. రహదారి యనగా నేడు మనము పెద్ద బాట యనుకొందుము. పారసీకమునందు అది బాటకావలివాడు వసూలుచేయు సుంకమునకును, వాడిచ్చు చీటీకిని పేరు. మన తాతలనాటి తెలుగులోను రహదారి యనగా ప్రయాణికుడు చేతబట్టుకొనవలసిన అనుమతిపత్రమే. చీటీ పోయి దాని పేరు బాటకు మిగిలినది.

ఆ కాలపు ప్రయాణము తెలియవలెనన్న ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రాచరిత్ర చూడవలెను. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ఇంటర్ప్రిటరుగా నుండిన ఆయన 1830 మే 18వ తేదీన పెద్ద పరివారముతో బయలుదేరి, కడప, హైదరాబాదు, నాగపురము, ప్రయాగ, కాశి, గయ, కలకత్తా, జగన్నాథము తిరిగి 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరిరి. కుంపిణీ సీమ, నిజాము రాజ్యము, భోసలేవారి రాజ్యము దాటవలసియుండెను. ప్రయాగలోను, గయలోను, జగన్నాథమునందును కుంపిణీవారే యాత్రికులనుండి పన్ను గైకొనుచుండిరి. అది 1840లో గాని తొలగలేదు. అయినను ఆనాటి చిక్కులందొక సౌలభ్యము గలదు. సుంకమడుగువాడు ఎదుట నిలుచుండెను. అతనితో మాటాడవచ్చును, బ్రతిమాలవచ్చును, బేరమైన ఆడవచ్చును. నేడు చెన్నైలో మన దరఖాస్తు పుచ్చుకొనునది ఒక కంపెనీ; నిర్ణయించు అధికారి ముఖము మనము చూడము.

మన ముంగిటి సింహళమునకు సయితము వెనుక వీసా యెఱుగము. ధనుష్కోటిలో రైలు దిగి, ఓడయెక్కి, తలైమన్నారులో మరల రైలెక్కి కొలంబు చేరుచుండిరి. సింహళ ప్రభుత్వము 1948లో చేసిన చట్టము 1949 నవంబరు 1 నుండి అమలులోనికి వచ్చినది మొదలు ఆ ఓడకును కాగితములు కావలసివచ్చెను. 1964 డిసెంబరు తుపాను ధనుష్కోటినే మ్రింగినది.

ఇక ప్రస్తుతమునకు వత్తము. పటము చూచిన పడమటి మార్గము దగ్గర. కాని అట్టారి ద్వారము 2025 ఏప్రిలులో మూయబడినది. అంతకుముందును పాకిస్తాను వీసా చేతనున్నను ఏయే నగరములకు పోవలెనో, ఏ ద్వారమున వెడలవలెనో అందే వ్రాసియుండెడిది. తూర్పున మణిపురము దాటి బర్మా చొచ్చుద మన్న 2021 ఫిబ్రవరిలో సైన్యము ప్రభుత్వమును కూల్చిన తరువాత ఆ బాట నమ్మదగినది కాదు. మిగిలినది నేపాళము. 1950 నాటి సంధివలన మనకచట వీసా లేదు. అచటినుండి టిబెట్టు. చైనాభూమిపై మన బండి నడుపవలెనన్న ముందుగా అనుమతి, వారి లైసెన్సు, వెంట మార్గదర్శి కావలెను; దీనికే వ్యయ మధికము.

అన్నిటికన్న కష్టము దినముల లెక్క. విమానమున పోవువాడు ఒక వీసా తీసికొని మఱునాడు దిగును. బండిలో పోవువానికి ఐరోపా చేరుటకు నెలలు పట్టును. షెంగెను వీసాకు ఆరు నెలలకు ముందు దరఖాస్తు పెట్టరాదు. నడిమి దేశముల వీసాలు కొన్నిటికి ప్రవేశదినము ముందే నిశ్చయింపవలెను. కొండదారిలో బండి చెడి పదిదినములు ఆగితిమా, తరువాతి వీసాలన్నియు ఒకదానివెంట నొకటి కాలము చెల్లును. పోనీ, దారిలో తీసికొంద మన్న, మీ దేశముననే దరఖాస్తు పెట్టుడని త్రిప్పిపంపు రాయబార కార్యాలయములు పెక్కు. కజకిస్తానువారు 2022 నుండి మనవారిని 14 దినములు వీసా లేకయే రానిచ్చుచున్నారు. ఆ పదునాలుగు దినములును ఈ ప్రయాణమున ఊపిరి పీల్చు చోటు.

మా అనుభవ మొకటి చెప్పుదుము. ఒకానొక దేశపు కార్యాలయమువారు నాలుగు పాసుపోర్టులును అయిదు వారము లుంచుకొని, మూడింటికి వీసా వేసి, నాలుగవదానిని కారణము వ్రాయక త్రోసివేసిరి. ఆ యైదు వారములలో అంతకుముందు తీసిన ఎలక్ట్రానిక్ వీసా గడువు తీరెను. ఆ నాలుగవవాడును తక్కిన మువ్వురివలె ఆస్తిపత్రములు, బ్యాంకు లెక్కలు చూపినవాడే. తిరిగి రాడేమో యను అనుమానమును చిన్న ఊరి యువకుడే మోయవలసివచ్చుచున్నది; ఇది మాకు న్యాయముగా తోచలేదు.

మన ప్రభుత్వముతో నైన పోరాడుటకు చోటున్నది. పాసుపోర్టు ఇచ్చుట ప్రభుత్వమువారి దయ యనుకొను కాలములో, 1967 ఏప్రిలు 10న సుప్రీముకోర్టు ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావుగారు, రాజమహేంద్రవరమున జన్మించిన మన తెలుగువారే, విదేశయాత్ర వ్యక్తిస్వాతంత్ర్యములోని భాగమని తీర్పు చెప్పిరి. అయిదుగురిలో ముగ్గురి తీర్పది. ఆ యేడే పాసుపోర్టుల చట్టము పుట్టెను. నిరాకరించిన కారణము వ్రాయవలెనని అందున్నది. పరదేశపు వీసాకు అట్టి హక్కు మనకు లేదు.

కడపటిది, మనకు ప్రత్యేకమైనది, పేరు చిక్కు. ఫారములో ఇంటిపేరొక గడి, సొంతపేరొక గడి. మనము ఇంటిపేరు, తండ్రిపేరు పొడియక్షరములుగా ముందు పెట్టి, చివర రాజా యందుము. మన ఊరివారై మద్రాసు ప్రభుత్వము నడపిన పూసపాటి సంజీవి కుమారస్వామిరాజాగారే నేడు ఫారము నింపవలసివచ్చిన ఇంటిపేరు గడిలో పూసపాటి యని వ్రాయుదురా, రాజా యని వ్రాయుదురా? మనవారు పలువురు ఆ గడిని ఖాళీగా విడిచిరి. ఐక్య అరబ్బు ఎమిరేటులవారు 2022 నవంబరులో ఒక్క పేరే యున్న పాసుపోర్టుతో సందర్శనమునకు వచ్చువారిని రానీయమనిరి. తండ్రిపేరు వేఱొక పుటలో నున్నచో చాలునని వెంటనే సడలించిరి. నలుగురు యువకులలో ఇద్దఱి పాసుపోర్టులును ఇట్టివే. ఒకనికి పాఠశాల పత్రమున ఒక విధముగను, ఆధారుకార్డున మఱొక విధముగను ఉన్నది.

కావున ఆ యిద్దఱి పాసుపోర్టులు ముందు సవరింపబడవలెను, తరువాతనే వీసాలు. బయలుదేరు దినమును చివరి దేశమునుండి వెనుకకు లెక్కించి నిర్ణయింపవలెనని వారికి చెప్పితిమి. పేర్లు సరిచూచుకొనగోరు కుటుంబములవారు పాఠశాల పత్రము, ఆధారుకార్డు, పాత పాసుపోర్టు మూడును తీసికొని వచ్చు ఆదివారము ఉదయము సంఘ కార్యాలయమునకు వచ్చినచో కూర్చుండి చూచెదము.