పేరు చూసి లేవొద్దు

(చదరంగం పోటీకి వెళ్తున్న హాస్టలు పిల్లల ముందు చేసిన ప్రసంగం)



పోయిన పోటీలో మన పిల్ల ఒకతి బల్ల దగ్గర కూర్చోకముందే ఓడిపోయింది. ఎదుటి పిల్లాడి రేటింగు తనకంటే 400 ఎక్కువని గోడమీద కాగితంలో చూసింది. 'ఎట్టాగూ ఓడేదే గదా సార్' అంది. పదిహేను ఎత్తులకే చెయ్యి కలిపి వచ్చేసింది. నాకు కోపం రాలా. మా ఇంట్లో నాకంటే ముందు కాలేజీ గడప తొక్కినవాళ్లు లేరు. ఆ భయం నాకు తెలుసు.

అసలు ఆ 400 ఏం చెబుతుంది? ఎలో లెక్క ప్రకారం అంత తేడా ఉన్న ఇద్దరు వంద ఆటలాడితే తక్కువ రేటింగువాడికి సుమారు 9 పాయింట్లు రావాలి. గెలిస్తే ఒకటి, డ్రా అయితే అర. అంటే లెక్క కూడా మనకు సున్నా వెయ్యలేదు. సున్నా మనమే వేసుకుంటున్నాం.

ఒక ఆట చెప్తాను వినండి. ఇంగ్లండులో 1930-31 హేస్టింగ్స్ పోటీ. ఒకవైపు కాపబ్లాంకా, 1921 నుంచి 1927 దాకా ప్రపంచ విజేత. రెండోవైపు పంజాబు పల్లెనుంచి వచ్చిన మీర్ సుల్తాన్ ఖాన్. ఉమర్ హయాత్ ఖాన్ అనే పెద్ద భూస్వామి వెంట 1929లో లండన్ పోయినవాడు. ఆయన నేర్చింది మన దేశపు ఆట. అందులో బంటు మొదటి ఎత్తులోనూ ఒక్క గడే నడుస్తుంది. అక్కడి పద్ధతులు పెద్దయ్యాక నేర్చుకున్నాడు.

23వ ఎత్తుకు సుల్తాన్ ఖాన్ మంత్రి పోయింది. బదులు రెండు ఏనుగులు దక్కాయి. మంత్రి ఉన్నవాడిదే బలమని చూసేవాళ్లకు అనిపిస్తుంది. ఈయన కంగారుపడలా. రాజును కాచుకుంటూ, ఏనుగుల్ని జతగా నడిపి, 65 ఎత్తులదాకా లాగి గెలిచాడు.

దీన్ని అద్భుతం అనొద్దు. 1929లోనే ఆయన బ్రిటిష్ చాంపియన్. 1932, 1933లలో మళ్లీ గెలిచాడు. బలం ఉంది, ఒప్పుకునేవాళ్లే ఆలస్యంగా వచ్చారు. ఆయన 1966లో చనిపోతే, ప్రపంచ చదరంగ సంఘం గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఇచ్చింది 2024లో!

అందుకని, రేపు ఓడి వచ్చినా నేనేమీ అనను. ఎక్కువమంది ఓడతారు కూడా. కానీ పేరు చూసి లేవొద్దు. ఎత్తులు రాసుకున్న కాగితం తీసుకురండి. ఎక్కడ తప్పామో రాత్రికి అందరం కూర్చుని చూద్దాం.