చేయి అందుకోవటం కూడా నేర్చుకోవాలి

(విశ్రాంత ఉద్యోగుల సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నాకు ఉపన్యాసం చేతకాదు. నాకు జరిగిన ఒక సంగతి మనవి చేస్తాను.

నిరుడు నేను, మా ఇంటావిడ నల్లగొండ నుంచి హైదరాబాదులో అబ్బాయి ఇంటికి బయలుదేరాము. ఎల్.బి.నగర్‌కు ఎదురు వస్తానని అబ్బాయి ఫోన్ చేశాడు. "అక్కర లేదు, ముప్ఫై అయిదేళ్ళు సర్కారు నౌకరీ చేసినవాణ్ణి, నాకు దారి తెలియదా?" అన్నాను. 2018లో మెట్రో రైలు ఎల్.బి.నగర్ దాకా వచ్చినప్పటి నుంచి మన జిల్లా వాళ్ళకు వీలైంది. అక్కడ బస్సు దిగి రైలెక్కి, అమీర్‌పేటలో మారితే హైటెక్ సిటీ వైపు పోవచ్చు.

అమీర్‌పేటలోనే వచ్చింది తిప్పలు. కంట్లో శుక్లం, బోర్డు మీది అక్షరాలు అలుక్కుపోయాయి. ఒక కాలేజీ పిల్లవాడు "ఎటు పోవాలి తాతా? ఆ సంచి నాకియ్యండి" అన్నాడు. "మాకు తెలుసు బాబూ" అని ఎదురుగా ఉన్న రైలెక్కాను. అది నాగోలు పోయే రైలు! సికింద్రాబాదు పేరు వినబడ్డాక గాని తెలియలేదు.

దిగి అవతలి ప్లాట్‌ఫారానికి పోవాలి. అడిగితే లిఫ్టు చూపిస్తారు. అడగలేదు. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ మెట్ల మధ్యనే కూలబడింది. కళ్ళనీళ్ళు పెట్టుకుని, "అడిగితే నోటి ముత్యాలు రాలుతాయా? మీ పెద్దరికానికి నా మోకాళ్ళా?" అన్నది. డ్యూటీలో ఉన్న ఒక అమ్మాయి పరుగున వచ్చి, లిఫ్టులో తీసుకుపోయి రైలెక్కించింది.

రైల్లో కూర్చున్నాక నాకొక రైతు గుర్తుకొచ్చాడు. 1985లో మండలాలు రాకముందు, దేవరకొండ తాలూకా కచేరీలో ఉన్నప్పటి మాట. ఫ్లోరైడు నీళ్ళు మన జిల్లాలో ఎందరి నడుములు వంచినాయో మీకు చెప్పనక్కర లేదు. అలా వంగిన నడుముతో వచ్చి, పహాణీ నకలు కోసం "సారూ, నాకు సదువు రాదు, జర దరఖాస్తు రాసిపెట్టు" అని అడిగాడు. రాసిచ్చాను. అతడు నాకు చిన్నవాడుగా కనిపించలేదు. ఆ సాయంత్రం తృప్తిగా ఇంటికి పోయాను. అమీర్‌పేటలో ఆ పిల్లవాడికి అలాంటి తృప్తి దక్కకుండా చేసింది నేనే కదా!

మిత్రులారా, కౌంటరు ఇవతల కూర్చుని సాయం చేయటం మనకు అలవాటు. అవతల నిలబడి అడగటమే రాలేదు. అడగకపోతే ఆ కష్టం మన ఒక్కరితో పోదు, మన వెంట ఉన్నవారు కూడా మోయాలి.

జాగ్రత్త మాత్రం అవసరం. దారి అడగండి, చేయి అందుకోండి. ఏటీఎం పిన్, ఫోనుకు వచ్చే ఓటీపీ మాత్రం ఎవరికీ చెప్పకండి. ఇంటివారి ఫోన్ నెంబరు కాగితం మీద రాసి జేబులో ఉంచుకోండి.

మొన్న నా కంటి ఆపరేషన్ అయింది. ఆసుపత్రి మెట్ల దగ్గర మనుమడు చేయి చాపితే, మారుమాట లేకుండా పట్టుకున్నాను. మా ఇంటావిడ వెనక నుంచి నవ్వింది.